ఆకలిని ఆపే సూది: పదో తరగతి పాఠం నుంచి పెండ్లి ఫోటోల దాకా



పదో తరగతి జీవశాస్త్రంలో ‘జీవక్రియలలో సమన్వయం’ అని ఒక పాఠం ఉంది. మనకు ఆకలి ఎందుకు అవుతుంది, కడుపు నిండిందని ఎవరు చెబుతారు అనే సంగతులు అందులో వస్తాయి. జీర్ణాశయం ఖాళీ అయినప్పుడు గ్రీలిన్ అనే హార్మోన్ ఆకలి కబురును మెదడుకు చేరవేస్తుంది. లెప్టిన్ అనే మరో హార్మోన్ ఆ ఆకలిని అణచివేస్తుంది. లంచ్ బెల్లుకు ముందు పీరియడ్‌లో ఈ పాఠం చెబితే పిల్లలకు ఉదాహరణలు వెతకాల్సిన పని ఉండదు, ఎవరి కడుపు శబ్దం వాళ్లకే వినిపిస్తుంది.

ఈసారి మాత్రం వెనుక బెంచీ నుంచి వేరే ప్రశ్న వచ్చింది. “మేడం, ఆకలి కాకుండ చేసే ఇంజెక్షన్ వచ్చిందట కదా? అది వేసుకుంటే పెండ్లి వరకు బక్కగైతరట. నిజమేనా?” క్లాసంతా నవ్వింది, కానీ ఎవరూ ‘అదేంటి’ అని అడగలేదు. అంటే అందరికీ తెలుసు. రీల్స్‌లో చూశారు, ఫంక్షన్లలో అత్తమ్మలు, చిన్నమ్మలు మాట్లాడుకుంటుంటే విన్నారు. పిల్లలకు పది నిమిషాలు జవాబు చెప్పాను. మిగతాది మీకు చెప్పాలి, ఎందుకంటే అలాంటి సూది కొనే డబ్బు, కొనాలా వద్దా అనే నిర్ణయం మీ చేతుల్లో ఉన్నాయి.

ముందు ఆ మందు ఏమిటో చూద్దాం. మనం అన్నం తినగానే పేగుల్లో జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. అది క్లోమానికి ఇన్సులిన్ వదలమని చెబుతుంది, జీర్ణాశయం నుంచి ఆహారం కిందికి దిగే వేగాన్ని తగ్గిస్తుంది, మెదడుకు ‘ఇక చాలు’ అని కబురు పంపుతుంది. శరీరం తయారు చేసుకునే ఈ హార్మోన్ రెండు మూడు నిమిషాల్లోనే విరిగిపోతుంది. దానిలాగే పనిచేస్తూ ఎక్కువసేపు నిలిచే మందు కోసం శాస్త్రవేత్తలు వెతికారు. అమెరికా ఎడారుల్లో ఉండే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో అలాంటి పదార్థం దొరికింది. ఆ దారిలో తయారైన మొదటి మందుకు 2005లో అమెరికాలో షుగర్ వ్యాధికి అనుమతి వచ్చింది. (బల్లి సంగతి చెప్పాక క్లాసులో ఐదు నిమిషాలు ఎవరూ నిద్రపోలేదు.)

ఇప్పుడు అందరి నోళ్లలో నానుతున్న సెమాగ్లూటైడ్ ఆ వరుసలోనిదే. వారానికి ఒక్క సూది చాలు. 2017 డిసెంబరులో ఓజెంపిక్ పేరుతో షుగర్ వ్యాధికి, 2021 జూన్‌లో వెగోవీ పేరుతో ఊబకాయానికి అమెరికాలో అనుమతి పొందింది. రెండు హార్మోన్లలా పనిచేసే టిర్జెపటైడ్ మౌంజారో పేరుతో 2022లో అక్కడ వచ్చింది. మన దేశంలోకి మౌంజారో 2025 మార్చిలో, వెగోవీ అదే ఏడాది జూన్‌లో అడుగుపెట్టాయి. మౌంజారో మొదట వచ్చినప్పుడు ఒక్కో చిన్న సీసా ధర మోతాదును బట్టి 3,500, 4,375 రూపాయలు. వారానికి ఒకటి చొప్పున నెలకు 14 వేల నుంచి 17,500. ధర్మపురిలో చాలా కుటుంబాలకు అది నెల సరుకుల కన్నా ఎక్కువ. అయితే మన దేశంలో సెమాగ్లూటైడ్ పేటెంట్‌కు గడువు 2026 మార్చి వరకే. డాక్టర్ రెడ్డీస్ లాంటి మన హైదరాబాద్ కంపెనీలు దాన్ని సొంతంగా తయారు చేయడానికి ముందు నుంచే సిద్ధమవుతూ వచ్చాయి. పోటీ పెరిగితే ధర తగ్గుతుంది, షుగర్ పేషెంట్లకు అది నిజంగా మంచి వార్త. కానీ ధర దిగిన కొద్దీ పెండ్లి కార్డులతో పాటు ఈ సూది కూడా ఖర్చుల లిస్టులో చేరుతుందేమోనన్నది నా భయం.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ మందు మోసం కాదు, పనిచేస్తుంది. 2021లో ప్రచురితమైన పెద్ద పరీక్షలో 1,961 మంది పాల్గొన్నారు. 68 వారాల తర్వాత సెమాగ్లూటైడ్ తీసుకున్నవాళ్ల బరువు సగటున 15 శాతం దాకా తగ్గింది. ఉత్తుత్తి సూది తీసుకున్నవాళ్లకు తగ్గింది 2.4 శాతం. అంటే వంద కిలోల మనిషి దాదాపు 85కి వచ్చినట్టు. మోకాళ్లు అరిగి మెట్లెక్కలేని అమ్మమ్మకు, షుగర్, బీపీ రెండూ ఉన్న నాన్నకు డాక్టర్ ఈ మందు రాస్తే అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ‘నోరు కట్టుకోలేక సూది వేసుకుంటున్నడు’ అని వెనకాల అనడం తప్పు. ఊబకాయం కూడా జబ్బే.

మరి తేడా ఎక్కడ ఉంది? ఆ పరీక్షలో ఎవరిని తీసుకున్నారో చూస్తే తెలుస్తుంది. బీఎంఐ 30, అంతకంటే ఎక్కువ ఉన్నవాళ్లను, లేదా 27 దాటి బరువు వల్ల వచ్చే మరో జబ్బు కూడా ఉన్నవాళ్లను తీసుకున్నారు. మన దేశంలో బరువు తగ్గడానికి ఈ మందులకు అనుమతి ఇచ్చిందీ ఆ లెక్క ప్రకారమే, అదీ పెద్దవాళ్లకు. బీఎంఐ లెక్క మీ పిల్లలకు వచ్చు: కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. 155 సెంటీమీటర్ల ఎత్తున్న మహిళకు 30 అనే గీత సుమారు 72 కిలోల దగ్గర పడుతుంది. షుగరో బీపీయో ఉంటే 27 గీత దాదాపు 65 కిలోల దగ్గర. ఇప్పుడు అదే ఎత్తుతో 58 కిలోలున్న పెండ్లికూతురిని ఊహించండి. ఆమె బీఎంఐ 24. బ్లౌజు కొలతల కోసం 52కి రావాలని అనుకుంటోంది. ఆమెలాంటి వాళ్ల మీద ఆ పరీక్ష జరగలేదు. డెబ్బై ఐదు కిలోల షుగర్ పేషెంటుకు సూది వల్ల వచ్చే లాభం గుండెకు, మోకాళ్లకు, రక్తానికి అందుతుంది, అందుకని వాంతులు వచ్చినా డాక్టర్ భరించమంటారు. పెండ్లికూతురికి వాంతులు అవే, రాళ్ల ప్రమాదం అదే, త్రాసు రెండో తక్కెడలో మాత్రం నాలుగు ఫోటోలే ఉంటాయి.

ఒక సవరణ కూడా చెప్పాలి, లేకపోతే లెక్క తప్పుదారి పట్టిస్తుంది. మనవాళ్లకు కొవ్వు పొట్ట చుట్టూ చేరుతుంది, తక్కువ బరువు దగ్గరే షుగర్ వస్తుంది. అందుకే మన డాక్టర్లు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అంటారు. కాబట్టి 24 ఉన్న ఆ అమ్మాయి సాయంత్రం గోదావరి గట్టు దాకా నడవడం, రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించడం మంచిదే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారానికి అర కిలో చొప్పున తగ్గడం సురక్షితం అంటుంది. పెండ్లి మూడు నెలలుంటే అదే ఆరు కిలోలు. కానీ ముహూర్తం మూడు వారాల్లో ఉన్నప్పుడే మనకు ఈ విషయం గుర్తొస్తుంది కదా!

ఆ మూడు వారాల్లో ఏమవుతుంది? ఈ మందును చిన్న మోతాదుతో మొదలుపెట్టి నెలల తరబడి మెల్లగా పెంచుతారు. తొందరపడి ఒకేసారి ఎక్కువ వేసుకుంటే వికారం, వాంతులు, విరేచనాలు, మలబద్ధకం ఎక్కువవుతాయి. నీళ్లు తగ్గిపోతే కిడ్నీల మీద భారం పడుతుంది. వేగంగా బరువు తగ్గినప్పుడు పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. అరుదుగా క్లోమం వాస్తుంది, అది ఆసుపత్రిలో చేర్చాల్సిన జబ్బు. థైరాయిడ్‌లో వచ్చే ఒక రకం క్యాన్సర్ కుటుంబంలో ఎవరికైనా ఉంటే ఈ మందు అసలు వాడకూడదు. ఇవన్నీ అడిగి తెలుసుకునేది డాక్టర్, మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు. ఇంకో సంగతి: తగ్గే బరువంతా కొవ్వు కాదు, అందులో కండ కూడా కొంత పోతుంది. బుగ్గలు లోపలికి పోయి, చర్మం వదులై ముఖం పెద్ద వయసుదిలా కనిపిస్తుంటే దానికి విదేశాల్లో ‘ఓజెంపిక్ ఫేస్’ అని పేరే పెట్టారు. అందం కోసం వేసుకున్న సూది ముందుగా ముఖాన్నే మార్చేస్తే ఏం లాభం?

సూది ఆపితే ఆకలి తిరిగి వస్తుంది. పైన చెప్పిన పరీక్షలోనే మందు ఆపిన కొందరిని ఏడాది పాటు గమనిస్తే, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు మళ్లీ పెరిగింది. షుగర్, బీపీ మాత్రల్లాగే ఇది కూడా ఏళ్ల తరబడి వాడాల్సిన మందు, ఒక ఫంక్షన్ కోసం వేసుకునేది కాదు. కొత్తగా పెండ్లయ్యే అమ్మాయిలకు అన్నింటికన్నా పెద్ద విషయం ఇంకొకటుంది. గర్భం రావడానికి కనీసం రెండు నెలల ముందే సెమాగ్లూటైడ్ ఆపాలని తయారీదారులే చెబుతున్నారు. ముహూర్తం ముందు రోజు వరకు సూది వేసుకున్న అమ్మాయికి ఈ మాట ఎవరైనా చెప్పారా? ఇది పిల్లల ముందు మాట్లాడే సంగతి కాదు, అందుకే క్లాసులో చెప్పలేదు. కానీ ఇంట్లో పెండ్లీడు ఆడపిల్లలున్న తల్లులు దయచేసి గుర్తుపెట్టుకోండి.

సన్నబడే మందుల కథ కొత్తదేమీ కాదు. 1930లలో అమెరికాలో డైనైట్రోఫినాల్ అనే రసాయనాన్ని బరువు తగ్గడానికి మింగారు. ఒంట్లో వేడి విపరీతంగా పెరిగి కొందరు చనిపోయారు, కొందరికి కంట్లో శుక్లాలు వచ్చాయి. 1938లో అది మనుషుల వాడకానికి పనికిరాదని తేల్చారు. ఫెన్‌ఫ్లూరమైన్ గుండె కవాటాలను పాడు చేస్తోందని 1997లో వెనక్కి తీసుకున్నారు. సిబుట్రమైన్ గుండెపోటు, పక్షవాతం ముప్పు పెంచుతోందని 2010లో అమెరికాలో ఆపేశారు, 2011లో మన దేశంలో నిషేధించారు. ఇప్పటి సూదులను వాటితో సమానం చేయను, వీటి మీద పరీక్షలు చాలా పకడ్బందీగా జరిగాయి. కానీ ఆన్‌లైన్‌లో ‘ప్యూర్ హెర్బల్’ అని అమ్మే కొన్ని స్లిమ్మింగ్ పొడుల్లో, క్యాప్సూల్స్‌లో ఆ నిషేధించిన సిబుట్రమైనే దొంగతనంగా కలిపినట్టు అమెరికా అధికారులు ఎన్నోసార్లు పట్టుకున్నారు. సూది అంటే భయపడి పొడి తెప్పించుకునేవాళ్లు ఇది తెలుసుకోవాలి.

మన తెలుగువాళ్ల జ్ఞాపకంలోనూ ఇలాంటి సంఘటన ఉంది. మన ఊరికి 2015 అంటే గోదావరి పుష్కరాలు గుర్తొస్తాయి. ఆ పుష్కరాలకు నెల రోజుల ముందు, జూన్ 6న, ‘నువ్వు నాకు నచ్చావ్’ సినిమాతో మనకు పరిచయమైన ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయారు. వయసు 31. అంతకు కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే లైపోసక్షన్ ఆపరేషన్ చేయించుకున్నారని, తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడ్డారని అప్పటి పత్రికలు రాశాయి. అది మందు కాదు, ఆపరేషన్. ఆ మరణానికి అదొక్కటే కారణమని నేను అనడం లేదు. కానీ అప్పుడు స్కూల్లో చదువుకుంటున్న నాకు గుర్తున్నది ఆ వార్త కన్నా అంతకు ముందు మాటలు: టీవీలో ఆమె కనిపించినప్పుడల్లా ‘అయ్యో, ఎట్లుండె, ఎట్లైంది’ అనే వ్యాఖ్యానం. ఆమె నటన గురించి ఎవరూ మాట్లాడేవారు కాదు. అదే ఏడాది నవంబరులో అనుష్క ‘సైజ్ జీరో’ వచ్చింది. తొందరగా సన్నబడేలా చేస్తామని మోసం చేసే ఒక క్లినిక్ మీద లావుపాటి అమ్మాయి పోరాటమే ఆ కథ, ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగారు. ఇంట్లో పిల్లలతో కలిసి చూసి మాట్లాడుకోవడానికి బాగుంటుంది.

ఇప్పుడు మన పిల్లల దగ్గరకు వద్దాం. యాన్యువల్ డే ప్రాక్టీస్ మొదలైతే కొన్ని లంచ్ బాక్సులు నిండుగానే ఇంటికి తిరిగి వెళ్తాయి. అడిగితే ‘ఆకలైతలేదు మేడం’ అంటారు. ఆకలి అవుతోంది, డ్రెస్సు కొలత తీశారు, అంతే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-20లో తెలంగాణ మహిళల్లో దాదాపు 30 శాతం మందికి బరువు ఎక్కువ, అదే సమయంలో సగానికి పైగా మందికి రక్తహీనత. ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండొచ్చు, ఒకే మనిషిలో కూడా ఉండొచ్చు. ఎముకలు గట్టిపడి, నెలసరి మొదలై, రక్తం ఎక్కువ కావాల్సిన వయసులో ఆకలిని చంపుకుంటే ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం. అమెరికాలో 12 ఏళ్లు దాటిన పిల్లలకు సెమాగ్లూటైడ్ అనుమతించారు, కానీ ఊబకాయం ఉన్నవాళ్లకు, డాక్టర్ల పర్యవేక్షణలోనే. మన అమ్మాయి లంగా ఓణీ ఫంక్షన్ ఆ లెక్కలోకి రాదు. మగపిల్లలకేమీ తక్కువ లేదు. ధోతి ఫంక్షన్‌కు ముందు పొట్ట లోపలికి పోవాలని రెండు పూటలు మానేసిన ఏడో తరగతి బాబులు కూడా ఉన్నారు.

పిల్లలకు ఈ కోరిక రీల్స్ వల్లే వచ్చిందని మనం అనుకుంటాం. కొంత నిజమే. కానీ ఒక రోజు తొమ్మిదో తరగతి వాళ్లతో పేరు రాయకుండా చీటీలు రాయించాను: ‘నీ శరీరం గురించి నువ్వు మర్చిపోలేని మాట ఏది, ఎవరన్నారు?’ ఎక్కువ చీటీల్లో సినిమా పేరు గానీ, యాప్ పేరు గానీ లేదు. పెద్దమ్మ, బాబాయ్, నానమ్మ, అమ్మ ఉన్నారు. ‘గింత దొడ్డుగైతే ఎవరు చేసుకుంటరు’ అని ఒకటి. ‘అక్కను చూడు, నువ్వు చూడు’ అని ఒకటి. ఒక చీటీ మాత్రం నన్ను చాలాసేపు ఆపేసింది. ‘మా డాడీ దుబాయ్ నుంచి వీడియో కాల్ చేస్తే ఫస్ట్ అదే అంటడు. అందుకే నేను మొహం దగ్గరకే ఫోన్ పెడత.’

ఆ తండ్రి ప్రేమ లేక అనలేదని నాకు తెలుసు. ఆరు నెలలకో ఏడాదికో బిడ్డను చూస్తున్న మనిషికి కంట పడేది మార్పే, నోటికి వచ్చేదీ అదే. గల్ఫ్‌లో ఉన్న తండ్రులకు ఈ న్యూస్‌లెటర్ వాట్సాప్‌లో పంపండి. ఫోన్ చేసినప్పుడు ఒంటి గురించి కాకుండా ఏ పాఠం నడుస్తోంది, ఎవరితో ఆడుకున్నావని అడిగితే చాలు, ఫోన్ కాస్త దూరం జరుగుతుంది.

అలాగే గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ల బ్యాగులో ఈ సూదులు తెప్పించుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. ఇవి తెరవక ముందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉండాలి. బయట ఉంచినా 30 డిగ్రీలు దాటకూడదు, అదీ కొన్ని వారాలే. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు. ఎయిర్‌పోర్టు నుంచి కారు డిక్కీలో వచ్చిన పెన్నులో ఏం మిగిలి ఉంటుందో ఆలోచించండి. నకిలీలు కూడా ఉన్నాయి. బ్రెజిల్, బ్రిటన్, అమెరికాల్లో నకిలీ ఓజెంపిక్ దొరికిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరించింది. ఇంట్లో ఎవరైనా షుగర్ కోసం ఈ మందు వాడుతుంటే నా వ్యాసం చదివి ఆపేయకండి, రాసిన డాక్టర్‌నే అడగండి. కాకపోతే ఆ పెన్ను పిల్లలకు అందని చోట పెట్టండి, ‘నాకు తగ్గింది, నువ్వూ ఒకటి వేసుకో’ అని మరదలికో చెల్లెలికో ఇవ్వకండి.

పిల్లల బరువు విషయంలో నిజంగా అనుమానం ఉంటే పెద్దవాళ్ల బీఎంఐ లెక్క వాళ్లకు వేయవద్దు. వాళ్లకు వయసు ప్రకారం వేరే చార్టు ఉంటుంది. ధర్మపురిలోనో జగిత్యాలలోనో పిల్లల డాక్టర్‌కు చూపించి, థైరాయిడ్, రక్తం పరీక్షలు అవసరమా అని అడగండి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో ప్రతి విద్యార్థి ఎత్తు, బరువు కార్డు మూసిన కవర్‌లో మీకు ఇస్తాం. క్లాసులో ఎవరి బరువూ పైకి చదవం. కవర్ మీరు ఇంటికి వెళ్లాక తెరవండి, పిల్లలు పక్కన లేనప్పుడు. ఏదైనా అడగాలంటే నాలుగో పీరియడ్ తర్వాత నేను స్టాఫ్ రూమ్‌లోనే ఉంటాను.